పొట్లము మీది వడ్డన

ఇంటిలో వండిన అన్నమునకు చీటీ యుండదు. తినువానికి ఎంత చాలునో వడ్డించువారికే తెలియును. అంగడినుండి వచ్చిన పొట్లమునకు మాత్రము వెనుకవైపున ఒక చిన్న పట్టిక యుండును. దానిలో అక్షరములు చీమలంత, అంకెలు అంతకంటె చిన్నవి. భాషయో, ఆంగ్లము. మన దేశమునందలి నిబంధనల ప్రకారము పొట్లము మీది వివరములు ఆంగ్లమున గాని, దేవనాగరి లిపిలో హిందీ యందు గాని యుండిన చాలును. తక్కిన భాషలలో ముద్రించుట తయారుచేయువారి యిష్టము. మన హోసూరు ప్రాంతపు పిల్లవాడు ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, సంతలో కన్నడము మాటలాడును. ఆ మూడింటిలో ఏదియు ఆ పట్టికలో సాధారణముగ కానరాదు. కావున ఇంటి పెద్దలకు దానిని చదివి చెప్పు పని బడిపిల్లల మీద పడుచున్నది. చదువుటలో పొరపాటు జరిగినచో ఏమగునో మేము స్వయముగ ఎరిగినవారము గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తల్లిగారికి రక్తపుపోటు కలదు. దినమునకు అన్ని విధముల కలిపి 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని వైద్యులు చెప్పియుండిరి. ఆమెకు అప్పడము లేనిదే ముద్ద దిగదు. ఒకనాడు అంగడినుండి తెచ్చిన అప్పడముల పొట్లమును మా చేతికిచ్చి, "నాయనా, ఇందులో ఉప్పెంత ఉందో చూసి చెప్పు" అనిరి. మేము కండ్లద్దములు సవరించుకొని పట్టిక యంతయు వెదకితిమి. ఉప్పు అను మాట ఎచ్చటను లేదు. సోడియము 180 మిల్లీ గ్రాములని యొకచోట నుండెను. సోడియ మన్నను ఉప్పన్నను ఒకటే కాబోలు ననుకొంటిమి. 5 గ్రాములనగా 5000 మిల్లీ గ్రాములు గదా. అందు 180 ఇరువదియవ వంతైనను కాదు. "నిశ్చింతగా తినమ్మా" అంటిమి. ఆమె మధ్యాహ్నము రెండు, రాత్రి రెండు చొప్పున నిశ్చింతగనే తినిరి. నెల తిరుగునప్పటికి పోటు తగ్గకపోగా పెరిగినదనియు, ఉప్పు ఏ దారిని వచ్చుచున్నదో చూచుకొండనియు వైద్యులు హెచ్చరించిరి. దానికి అప్పడములే కారణమని మేము చెప్పజాలము. కాని మేము చదివి చెప్పిన లెక్క తప్పని మాత్రము తరువాత తేలినది.

మేము తెలుగు చెప్పువారము. ఎల్ల కవతల చిత్తూరు జిల్లాలో ఉపాధ్యాయ శిక్షణ పొందునాడు మాకు గణములు నేర్పిరి గాని గ్రాములు నేర్పలేదు. అందుచేత సిగ్గుపడక ఆ పొట్లమును తొమ్మిదవ తరగతికి తీసికొనిపోయి పిల్లల ముందుంచితిమి. మేము చేసిన తప్పులు రెండని అచ్చట తెలిసినది. మొదటిది వడ్డనకు సంబంధించినది.

పొట్లము మీద "సర్వింగ్ సైజ్" అని యొక మాట యుండును. ఒక్కమారు వడ్డించు పరిమాణ మని దాని యర్థము. దానిని మనము వడ్డన యని పిలుచుకొందము. మన పంక్తి భోజనములలో వడ్డన యెవరి చేతిలో నుండును? వడ్డించువాడు విస్తరి ముందు వంగి తినువాని ముఖము చూచును. వాడు చేయి అడ్డము పెట్టిన ఆగును, లేకున్న మారు వడ్డించును. పొట్లము మీది వడ్డన అట్టిది కాదు. తయారుచేయువారు, సామాన్యముగ ఒక్క తడవకు ఒకరు తినునది ఇంత యని తమంతట తామొక కొలత వేసి ముద్రింతురు. అది ఇంతే తినుమను సలహాయు కాదు, నీవు ఇంతే తిందువను ఎరుకయు కాదు. మా అప్పడముల పొట్లము మీద ఒక వడ్డన యనగా 10 గ్రాములు, అనగా ఒక్క అప్పడము. 180 మిల్లీ గ్రాములన్నది ఆ ఒక్కదానికి. మా తల్లిగారు తినినవి నాలుగు. మారు వడ్డనల సంగతి పట్టిక చెప్పదు. ఆ లెక్క తినువాడే వేసికొనవలెను.

ఈ చిక్కు తెగుటకు దారి ఆ పట్టికలోనే కలదు. 2020 లో వెలువడిన లేబులు నిబంధనల ప్రకారము, ఆహారపు సారమును 100 గ్రాములకు గాని, పానీయమైనచో 100 మిల్లీ లీటర్లకు గాని లెక్కగట్టి చూపవలెను. ఒక్కమారే తినివేయు చిన్న పొట్లమైనచో మొత్తము పొట్లమునకు చూపవచ్చును. దీనితోపాటు, ఒక్క వడ్డన దినమున కవసరమైనదానిలో నూటికెంత వంతగునో కూడ చూపవలెను. వడ్డన కంపెనీ కొక తీరుగ నుండును, 100 గ్రాములు ఎచ్చటనైనను 100 గ్రాములే. ఒక కంపెనీ వారు మూడు బిస్కత్తులను వడ్డన యనవచ్చును, మరియొకరు రెండే యనవచ్చును. రెండు బిస్కత్తుల లెక్కను మూడింటి లెక్కతో పోల్చి, ఇది మేలు అది కీడు అనుకొనుట, వీశెతో తూచిన దానిని మణుగుతో తూచిన దానితో పోల్చుట వంటిది. కావున రెండు పొట్లములను పోల్చునపుడు 100 గ్రాముల వరుసనే చూడవలెను. తాము తినినది ఎంతయో తెలియవలెనన్నచో, మొదట నికరపు తూకము చూచి, పిమ్మట త్రైరాశికము వేయవలెను.

త్రైరాశిక మనగా క్రొత్తది కాదు. కన్నడ సీమ నేలిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహము రచించెను. మన పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి దించెను. ఇంతకు ఇంతైన, అంతకు ఎంత యను ఆ లెక్కయే ఇచ్చటను పనికివచ్చును.

ఒక పొట్లమును ఊహించుకొందము. నికరపు తూకము 75 గ్రాములు. వడ్డన 25 గ్రాములు, మూడు బిస్కత్తులు. 100 గ్రాములకు 480 కేలరీలు, చక్కెర 24 గ్రాములు. వడ్డనకు 120 కేలరీలు, చక్కెర 6 గ్రాములు. ఈ 120 అను అంకెయే పెద్దదిగ కనబడి, పొట్లమంతయు 120 కేలరీలే యని భ్రమ గొలుపును. బడి విడిచి ఇల్లు చేరులోపల పొట్లము ఖాళీ చేయు పిల్లవానికి ముట్టినది మూడు వడ్డనలు, అనగా 360 కేలరీలు, 18 గ్రాముల చక్కెర. మన ఇండ్లలో 100 గ్రాముల రాగిపిండితో చేసిన సంగటి ముద్దకు సుమారు 320 కేలరీలు. ముద్ద తినినవాడు కడుపు నిండినదనును. పొట్లము తినినవాడు ఇంటికి పోయి అన్నమేదీ యని యడుగును. ఆ రాగిపిండిలో 300 మిల్లీ గ్రాములకు పైగ కాల్షియమును, దండిగ పీచును కలవు. అందుచేత ఒక్క కేలరీల అంకెను బట్టియే మంచి చెడ్డలు తీర్చుట తగదు.

వడ్డనను చిన్నది చేసినకొలది చిత్రములు పుట్టును. అమెరికాలో, ఒక వడ్డనలో చక్కెర అర గ్రామునకు లోబడి యున్నచో సున్న యని ముద్రింపవచ్చునను నిబంధన కలదు. అర గ్రాము తూగని చప్పరింపు బిళ్ల యొకటి అచ్చట చాలకాలము నుండి అమ్ముడగుచున్నది. అది దాదాపు అంతయు చక్కెరయే. అయినను ఒక్క బిళ్లయే ఒక వడ్డన గనుక, చక్కెర సున్న. డబ్బీ యంతయు తినినను సున్నలు కూడిన సున్నయే గదా! అదే దేశమున 2016 లో ఈ వడ్డనల కొలతలను, ప్రజలు నిజముగ తినుచున్నదానికి సరిపడునట్లు దిద్దిరి. ఐస్‌క్రీము అర కప్పు వడ్డన మూడింట రెండు వంతుల కప్పయ్యెను. ఐస్‌క్రీము మారలేదు; జనులు మాత్రము అర కప్పుతో ఆగుట లేదని ప్రభుత్వ మొప్పుకొన్నది.

ఇక కేలరీ యనగా నేమి? అది ఆహారములో నుండు పదార్థము కాదు, వేడిమిని కొలుచు కొలత. ఒక కిలోగ్రాము నీటి వేడిమిని ఒక డిగ్రీ పెంచుటకు కావలసిన శక్తి ఒక కిలో కేలరీ. మాటలలో కిలోను విడిచి కేలరీ యనుట వాడుక. కొన్ని పొట్లముల మీద, ముఖ్యముగ పరదేశమునుండి వచ్చినవాని మీద, కిలోజౌళ్లు ముద్రింతురు. ఒక కిలో కేలరీ 4.184 కిలోజౌళ్లు. మన బిస్కత్తుల 480 ఆ కొలతలో 2000 దాటును. చూచి భయపడ నక్కరలేదు. కాసులను దమ్మిడీలుగ మార్చినట్లే.

ఈ అంకెలను కంపెనీ వారు ఎట్లు కట్టుదురు? అమెరికా దేశస్థుడగు ఆట్‌వాటర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్ది చివర, మనుష్యులను దినముల తరబడి ఒక గదిలో నుంచి, వారు తినినదియు, వారి దేహమునుండి వెలువడిన వేడిమియు కొలిచెను. ఆయన తేల్చిన లెక్కయే నేటికిని వాడుకలో నున్నది. పిండిపదార్థము గ్రామునకు 4, మాంసకృత్తులు గ్రామునకు 4, క్రొవ్వు గ్రామునకు 9 కేలరీలు. మన బిస్కత్తుల పట్టికలో 100 గ్రాములకు పిండిపదార్థము 72, మాంసకృత్తులు 7, క్రొవ్వు 18 గ్రాములని యున్నదనుకొందము. 288, 28, 162 మొత్తము 478. 480 అని ముద్రించిన సరియే. మా తరగతిలో ఇద్దరు పిల్లలు నాలుగు పొట్లములను ఇట్లు పరీక్షించి, కంపెనీ వారి కూడికను దిద్దినంత గర్వపడిరి. కూడిక సరిపోయినంత మాత్రమున లోనిది మంచిదని కాదు గాని, క్రొవ్వు కొంచెమే యైనను కేలరీలు ఏల ఎక్కుచున్నవో దీనివలన తెలియును.

ఇచ్చట మరియొక చిక్కు. పట్టికలోని లెక్క పొట్లములోనున్న స్థితికి సంబంధించినది, పళ్లెములోని స్థితికి కాదు. 100 గ్రాముల బియ్యమునకు సుమారు 350 కేలరీలు. 100 గ్రాముల అన్నమునకు సుమారు 130. బియ్యము నీరు పీల్చి బరువెక్కుటయే భేదము. ఈ రెండింటిని తారుమారు చేసిన, ఒకడు ఆకలితో మాడును, ఒకడు మితిమీరి తినును. పాలలో కలుపుకొను పొడుల మీద కొన్నిట ఉత్త పొడి లెక్క, కొన్నిట పాలతో కలిపిన లెక్క యుండును. పాల బలమును పొడికి కట్టబెట్టిన పట్టికలను మేము చూచియున్నాము. అప్పడమును నూనెలో వేచినపుడు అది పీల్చిన నూనె ఏ పట్టికలోను ఎక్కదు.

వడ్డన వరుస ప్రక్కన నూటికింత యని యుండు అంకెకు మూలము దినమునకు 2000 కేలరీలను లెక్క. దానితోపాటు మొత్తము క్రొవ్వు 67 గ్రాములు, కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియము 2000 మిల్లీ గ్రాములు అను హద్దులును నిబంధనలలో నున్నవి. ఈ 2000 ఎవరి కడుపు? భారత వైద్య పరిశోధన మండలియు, హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థయు 2020 లో ప్రకటించిన లెక్కల ప్రకారము, కూర్చుండి పనిచేయు స్త్రీకి 1660 కేలరీలు చాలును. కాయకష్టము చేయు పురుషునికి 3470 కావలెను. 13 మొదలు 15 ఏండ్ల బాలురకు 2860, బాలికలకు 2400. 2000 అన్నది అందరికిని కలిపి కుట్టిన అంగీ వంటిది. ఒకరికి వదులు, ఒకరికి బిగువు. ఇటుకల బట్టీలో పనిచేయు తండ్రియు, కుట్టుమిషను ముందు కూర్చుండు తల్లియు ఒకే పట్టికను చదివిన, ఆ నూటి వంతులు ఇద్దరికిని సరిపడవు.

పై సంస్థకును మన రాష్ట్రమునకును ఒక బాంధవ్యము కలదు. అది 1918 లో నీలగిరులలోని కూనూరున, బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక చిన్న శాఖగ పుట్టినది. 1937 లో అచ్చటి ఐక్రాయిడ్ దొర భారతదేశపు ఆహారముల సారమును పట్టికలుగ కూర్చి ప్రకటించెను. సంస్థ 1958 లో హైదరాబాదునకు తరలినది. తమిళనాట మొలచి తెలుగునాట పెరిగిన ఆ సంస్థ 2017 లో వెలువరించిన పట్టికలలో బియ్యము, రాగులు, ఆకుకూరలు మొదలుకొని చీటీలేని మన ఇంటి తిండికిని లెక్కలు దొరకును.

చక్కెర వ్యాధి యున్న ఇండ్లలో శీతల పానీయముల సీసాను ప్రత్యేకముగ చూడవలెను. 100 మిల్లీ లీటర్లకు 10 గ్రాములకు మించి చక్కెర అట్టివానిలో సామాన్యము. వడ్డన 200 మిల్లీ లీటర్లని యున్నచో 20 గ్రాములు, అంతేగదా యనిపించును. 600 మిల్లీ లీటర్ల సీసాను ఒక్కడే త్రాగిన 60 గ్రాములు. దినపు హద్దు 50. చెంచాకు 5 గ్రాముల చొప్పున పన్నెండు చెంచాలు. అన్ని చెంచాలు కాఫీలో వేసిన ఎవరును త్రాగరు. చల్లదనమును పులుపును ఆ తీపిని కప్పివేయును. పట్టికలో మొత్తము చక్కెర, కలిపిన చక్కెర అని రెండు వరుసలుండును. పండ్లలోను పాలలోను స్వతస్సిద్ధముగ నున్నది మొదటి దానిలో మాత్రమే చేరును. రెండవది తయారుచేయువారు పోసినది.

ఇక మా రెండవ తప్పు. పొట్లమును తరగతిలో త్రిప్పుచుండగా వెనుక బల్ల మీది బాలిక యొకతె లేచి, "సార్, సోడియం అంటే ఉప్పు కాదు కదా సార్. ఉప్పులో అది ఒక భాగమే" అనెను. నల్లబల్ల మీదికి రమ్మంటిమి. సోడియము పరమాణు భారము 23, క్లోరినుది 35.5, రెండును కలిసిన ఉప్పు 58.5. 58.5 ని 23 తో భాగించిన రెండున్నరకు కొంచెము పైన. అనగా సోడియము అంకెను రెండున్నరతో హెచ్చించిన గాని ఉప్పు అంకె రాదు. నిబంధనలలోని 2000 మిల్లీ గ్రాముల సోడియమే వైద్యులు చెప్పిన 5 గ్రాముల ఉప్పు. ఆ బాలిక లెక్కను అచ్చటనే ముగించెను. అప్పడమునకు 180, నాలుగింటికి 720 మిల్లీ గ్రాముల సోడియము. రెండున్నరతో హెచ్చించిన 1800 మిల్లీ గ్రాముల ఉప్పు. మేము దినములో ఇరువదియవ వంతైనను కాదన్నది, మూడవ వంతు దాటినది. కూర, చారు, ఊరగాయ ఇంకను మిగిలియున్నవి. అంతటితో కూర్చుండక, "వంటసోడాలో కూడా సోడియం ఉంటుంది సార్, అప్పడాలలో అది కూడా వేస్తారు" అని చేర్చెను. అందుచేతనే కాబోలు, పట్టికలో ఉప్పని గాక సోడియమని వ్రాయుట. ఆనాడు పాఠము చెప్పినది మేము కాము.

ఆ సాయంకాలము ఇంటికి పోయి మా తల్లిగారికి జరిగినది చెప్పితిమి. ఆమె కొంతసేపు పలుకక, "అయితే నెలంతా నువ్వు తప్పు చదివావన్నమాట" అనిరి. ఔనంటిమి. ఇప్పుడు మధ్యాహ్నము మాత్రము ఒక్క అప్పడము, అదియు నూనెలో వేచినది కాక నిప్పుల మీద కాల్చినది. క్రొత్త పొట్లము ఇంటికి వచ్చినపుడెల్ల ఆమె దానిని మాకు ఇచ్చుట మాని, ఎదురింటి ఎనిమిదవ తరగతి పిల్లను పిలిచి చదివించుకొనుచున్నారు. ఆ పిల్ల మొదట తూకము చదువును.